లుఖ్మా ఇచ్చేవాడు

మా ముదిగొండలో లీడర్ అంటే కండువా వేసుకున్న మనిషే గుర్తొస్తాడు. 2007 జూలై 28న భూమి కోసం రోడ్డెక్కినవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపి ప్రాణాలు తీసిన ఊరు కదా ఇది. అలాంటి చోట గ్రానైట్ ఫ్యాక్టరీలో హాజరీ రాసుకునే సూపర్‌వైజర్‌ని పట్టుకుని ‘లీడర్’ అంటే నాకే నవ్వొస్తది.

నేను సూపర్‌వైజర్ అయ్యింది తెలివితోటి కాదు, జబాన్‌తోటి. కటింగ్, పాలిష్, లోడింగ్ మీద ఉన్న మజ్దూర్లలో ఎక్కువమంది ఒడిశా, బిహార్ నుంచి వచ్చినోళ్లు. సేటుగారికి హిందీ అంతంతమాత్రం. మా ఇంట్లో ఉర్దూ కాబట్టి నన్ను మధ్యలో నిలబెట్టారు. ఆ తర్వాత హైదరాబాద్‌లో రెండు రోజుల లీడర్‌షిప్ ట్రైనింగ్‌కి కూడా పంపారు. గొంతు ఎట్లా పెట్టాలి, కళ్లలోకి ఎట్లా చూడాలి, టార్గెట్ ఎట్లా ఇవ్వాలి, అన్నీ చెప్పారు. భోజనం బాగుంది. కానీ రెండు రోజులూ మాట్లాడటం గురించే. వినడం గురించి ఒక్క క్లాసూ లేదు.

రాయి సంగతి తెలియనోళ్ల కోసం కొంచెం చెప్తాను. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల మందం ఉన్న గ్రానైట్ పలక ఒక్కటే 300 కిలోలు దాటుతుంది. అలాంటివి గుడారం ఆకారంలో ఉండే ఇనప స్టాండుకి రెండు పక్కలా ఆనించి నిలబెడతాం. లోడింగ్ చేసేటప్పుడు ఒక పక్క నుంచే తీసుకుంటూ పోతే రెండో పక్క బరువు ఎక్కువైపోయి స్టాండే ఒరుగుతుంది. కింద మనిషి ఉంటే ఖతం. తప్పుకునే టైమ్ కూడా ఉండదు.

ఒకరోజు మగ్రిబ్ వేళకు లోడింగ్ దగ్గర సరిగ్గా అదే జరగబోయింది. క్రేన్ మీదున్న చాచా పైనుంచి చూసి కేకేశాడు, అందరూ తప్పుకున్నారు. పలకలు పడలేదు. స్టాండు మాత్రం ఒక కాలు లేపి నిలబడింది. నేను పోయేసరికి అందరి మొహాలూ తెల్లబోయి ఉన్నాయి. స్టాండు పక్కనే ఉన్న ఒడియా పిల్లగాణ్ని అడిగాను.

“దేఖా థా?”

“దేఖా థా, సాబ్.”

“తో బోలా క్యోఁ నహీఁ?”

“మేస్త్రీ ఖడే థే.”

మేస్త్రి నిలబడి ఉన్నాడు కాబట్టి చెప్పలేదు! చావు కనబడుతున్నా అదబ్ అడ్డొచ్చింది. తర్వాత తెలిసిందేమంటే, ఇంతకుముందు పనిచేసిన చోట ఒకసారి ‘ఆపండి’ అన్నందుకు వాడికి సగం రోజు కూలీ కోశారట. వాడి ఖామోషీకి ధర అక్కడే ఖరారైంది.

ఆ రాత్రి ఇషా నమాజులో నిలబడితే మనసు అక్కడే తిరిగింది. ఇమాం సాబ్ ఖిరాత్ మధ్యలో ఆయత్ మరిచిపోతే వెనక నుంచి తెలిసినవాళ్లు అందిస్తారు. దాన్నే లుఖ్మా ఇవ్వడం అంటారు. లుఖ్మా అంటే అసలు అర్థం నోట్లో పెట్టే ముద్ద. రకాత్ లెక్క తప్పితే ‘సుబ్‌హానల్లాహ్’ అని గుర్తు చేస్తారు. ఇచ్చేవాడు రిక్షా తొక్కేవాడైనా సరే, ఇమాం తీసుకుంటాడు. సలాం తిప్పినంక నా ఇజ్జత్ పోయిందని ఎవరి మీదా గుస్సా కాడు. అదే మనుషులు పొద్దున పనికి పోయి మేస్త్రి ముందు మూగవాళ్లైపోతారు.

మా పక్కనే ఇల్లందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. బొగ్గుబాయిల్లో మైనింగ్ సర్దార్ అని ఒక నౌకరీ ఉంది. ఫార్సీలో సర్ అంటే తల. ఈ సర్దార్ కుర్చీలో కూర్చునే తల కాదు. మనుషులు పనిలోకి దిగేముందు పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు వింటాడు. బోలుగా మోగితే రాయి వదులైందని అర్థం. ఖత్రా ఉంటే అందర్నీ అక్కడి నుంచి బయటికి పంపాలి. అది ఆయన మెహర్బానీ కాదు, కానూన్ పెట్టిన జిమ్మేదారీ. అందుకు పరీక్ష రాసి సర్టిఫికెట్ కూడా తెచ్చుకోవాలి. ట్రైనింగ్‌లో విన్న మాటలన్నిటికన్నా నాకు ఈ తట్టి వినడమే నచ్చింది.

మా యార్డులో అలాంటి సర్దార్ లేడు. అందుకని ఒక దస్తూర్ పెట్టాం. లోడింగ్ అప్పుడు ఎవరు ‘రుకో’ అన్నా క్రేన్ ఆగాలి. ఎందుకని ఆగినంక అడగాలి, ముందు కాదు. మేస్త్రికి మొదట నచ్చలేదు. “ఏం భాయ్, నిన్నగాక మొన్న వచ్చిన పోరడు నాకు చెప్తడా?” అన్నాడు. “అన్నా, నాకూ చెప్తడు” అన్నాను. ఆయన కూడా కిందే నిలబడే మనిషి కాబట్టి ఒప్పుకున్నాడు.

మొదటి వారం ఆ పిల్లగాడు ఒక్క రోజులో మూడుసార్లు ‘రుకో’ అన్నాడు. రెండుసార్లు ఏమీ లేదు, ఉత్త భయం. మూడోసారి బెల్టు అంచు చిరిగి ఉంది, మార్చాం. ఆ ఏమీ లేని రెండుసార్లూ ఎవరూ నవ్వకుండా చూడటమే నాకు అన్నిటికన్నా కష్టమైన పని.

లారీ మాత్రం లేటైంది. సేటుగారు ఫోన్ చేసి, “హాల్టింగ్ డబ్బులు ఎవరు కడతారయ్యా?” అని అడిగారు.

“నా పేరున రాయండి సార్” అన్నాను.

రాశారు కూడా.