దామరవాయి రాకాసి గుళ్ళు

చైతన్యపురి నుంచి ఉప్పల్ వెళ్ళి బస్సెక్కాను. ములుగు, పస్రా దాటి తాడ్వాయిలో దిగాను. మేడారం జాతరకు ఈ దారినే లక్షల మంది వెళ్తారు. అడవిలో ఉన్న దామరవాయి గుట్ట దాకా వచ్చేవాళ్ళు మాత్రం తక్కువే. ఊళ్ళోని ఓ కోయ పెద్దాయన దారి చూపిస్తానని ముందు నడిచాడు.

గుట్ట ఎక్కేకొద్దీ చెట్ల సందుల్లో ఒకటి, ఇంకొకటి, అలా ఎన్నో సమాధులు బయటపడ్డాయి. ఒకదాని ముందు కూర్చున్నాను. పక్కలకు ఇసుకరాతి పలకలు నిలబెట్టి, పైన ఒకే పెద్ద బండ కప్పారు. ఆ బండ గోడలు దాటి ఇంటి చూరులా బయటికి వచ్చింది. సున్నం లేదు, మట్టి అతుకు లేదు. బరువే బరువును పట్టి నిలిపింది. వంగి చూస్తే లోపల ఎండుటాకులు, చల్లని గాలి.

“ఎనకట రాకాసులు కట్టిన్రంట సార్. గింత బండ మన్శి లేపుతడా?” అన్నాడు పెద్దాయన.

లేపింది మనుషులే. ఇనుము వాడకం నేర్చిన కాలంలో, సుమారు 3000 ఏళ్ళ కిందట మొదలై, ఈ గోదావరి లోయలో చనిపోయినవాళ్ళకు ఇలాంటి రాతి ఇళ్ళు కట్టారు. చాలావాటిలో అస్థికల కోసం రాతి తొట్టి కూడా తొలిచి పెట్టేవారు. జానంపేట, దొంగతోగు దగ్గరా ఇలాంటివే కనిపిస్తాయి. దొంగతోగు వైపు మనిషి ఆకారంలో చెక్కిన నిలువురాళ్ళు కూడా ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన కె.పి. రావు వీటిని ఏళ్ళ తరబడి పరిశోధించారు. ఇంత బండ కదలాలంటే ఊరంతా చెయ్యి వేయాలి. పోయినవాళ్ళ కోసం బతికున్నవాళ్ళు అంత కష్టపడ్డారు. అది నన్ను కదిలించింది.

ఇలాంటి పాత సమాధులను వేరేచోట ఎలా కాపాడుతున్నారో చూడండి. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఆర్కనీ దీవుల్లో, రౌజీ దీవి కొండవాలు మీద టావర్సో టుయిక్ అనే రెండంతస్తుల సమాధి ఉంది. కొత్తరాతియుగం నాటిది. 1898లో బయటపడింది. పైకప్పు వేసి దాన్ని నేటికీ కాపాడుతున్నారు.

మనకూ ఇలాంటి సంపద హైదరాబాద్ నగరంలోనే ఉండేది. మౌలాలీలో 1935లో నిజాం పురావస్తు శాఖ ఇనుపయుగపు సమాధులను తవ్వింది. హష్మత్‌పేట సమాధుల చుట్టూ ఇప్పుడు కాలనీలే. దామరవాయిని ఇంతకాలం అడవి కాపాడింది. అయినా కొన్నింటి కప్పుబండలు పక్కకు ఒరిగాయి, కొన్ని పలకలు విరిగిపోయాయి.

ఇక్కడ కావలసినవి పెద్ద పెద్ద కట్టడాలు కావు. ప్రతి సమాధికీ ఒక సంఖ్య, ఒక ఫొటో, కొలతలతో ఒక పట్టిక ఉండాలి. చూడవచ్చినవాళ్ళు బండలెక్కకుండా చూసేందుకు ఊరి పిల్లలకే జీతమిచ్చి బాధ్యత అప్పగించాలి. మేడారం వెళ్ళేవాళ్ళు ఒక పూట ఇటూ రావాలి. కళ్ళారా చూసినవాళ్ళే రేపు దీనికోసం నోరు విప్పుతారు.