చెరిపేసిన టేపు

మా అబ్బాయికి పదిహేనేళ్ళు. 2024 మే నెలలో ఒక శనివారం, ఎవరూ లేపకుండానే తెల్లవారుజామున లేచి కూర్చున్నాడు. పరీక్షలేవైనా వున్నాయేమోనని కంగారుపడ్డాను. కాదట. ‘డాక్టర్ హూ’ కొత్త సీజను వచ్చిందట!

“ఎవర్రా ఆ డాక్టరు? హస్తవాసి మంచిదేనా?” అన్నాను. వాడు నావైపు జాలిగా చూశాడు.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి గ్రహాంతరాల గొడవ దేనికని మొదట దూరంగానే కూర్చున్నాను. గాని, కథ నన్ను లాక్కుపోయింది. ఒకప్పుడు ఇంగ్లండు వీధుల్లో పోలీసులకి ఫోను చేసుకొనేందుకు నిలబెట్టిన నీలంపెట్టె ఆయన వాహనం. బయటికి బీరువా అంత, లోపల కల్యాణమండపమంత! అందులో ఏ యుగానికైనా పోవచ్చు. చావు ముంచుకొస్తే డాక్టరు మొహం మారుతుంది. మనిషి మాత్రం ఆయనే. మొదటి నటుడు విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం దెబ్బతిన్నప్పుడు, 1966లో కనిపెట్టిన ఉపాయమిది. పరకాయప్రవేశాలు విన్న చెవులకి ఇదేమంత వింత?

బి.బి.సి. వారు దీన్ని మొదలుపెట్టింది 1963 నవంబరు 23న. ముందురోజే కెనడీ హత్య. ఆ హడావిడిలో చూడనివాళ్ళ కోసం మరుసటి వారం మొదటి భాగాన్ని మళ్ళీ వేశారు. ఆ తొలి కథకి దర్శకుడు మన లక్నోలో పుట్టిన వారిస్ హుసేన్. అప్పటికి 24 ఏళ్ళవాడు. 1989లో ఆట కట్టు. మధ్యలో 1996లో ఒక్క సినిమా. అంతా అయిపోయిందనుకొన్నాక, 2005 మార్చి 26న తిరిగి వచ్చింది.

ఇదంతా వింటూ నవ్వుతున్నవాణ్ణి, మావాడు చెప్పిన మరో సంగతికి ఆగిపోయాను. ఆ రోజుల్లో టేపు ఖరీదు. మళ్ళీ ఎవరు చూస్తారులెమ్మని, పాత భాగాలు చెరిపేసి ఆ టేపులే తిరిగి వాడుకొన్నారట. అలా పోయినవి వందకి దగ్గర.

మా నాన్నగారు బడిపంతులు. గజేంద్రమోక్షం పద్యాలు ఎత్తుకొంటే వీధిలో పోయేవాళ్ళు ఆగేవారు. ఒకసారి ఎవరో బలవంతపెడితే క్యాసెట్టులో పాడి, మళ్ళీ రికార్డు కాకుండా పైఅంచున రెక్క కూడా విరిచి వుంచారు. 1995లో, కొత్త క్యాసెట్టుకి డబ్బుల్లేక, ఆ కంతమీద ప్లాస్టరు అంటించి సినిమా పాటలు ఎక్కించాను. నాన్నగారు ఒక్కమాట అనలేదు. తిట్టివుంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో! ఆయన పోయి పదిహేనేళ్ళయింది. ఈ సంగతి మా ఆవిడకి కూడా చెప్పుకోలేదు.

ఆ రోజు మావాడికి చెప్పాను. వాడు కాసేపు వూరుకొని, “పోయినవాటిల్లో తొమ్మిది భాగాలు 2013లో నైజీరియాలో దొరికాయి, నాన్నా. బొమ్మ పోయినా, ఇళ్ళల్లో చూసేవాళ్ళు టేపురికార్డర్లలో పట్టుకొన్న శబ్దం మొత్తం మిగిలింది. మనమూ అందర్నీ అడుగుదాం” అన్నాడు.

గుడివాడలో మా మేనత్తకి ఫోను చేశాను. “ఒరేయ్, పెద్దబావ పెళ్ళి క్యాసెట్టు వుండాలిరా. మేనమామ హోదాలో మీ నాన్న ఏదో చదివాడు. ట్రంకుపెట్టె అడుగున చూడాలి” అంది.

దొరికింది. తీసుకొచ్చి, అరువు తెచ్చిన టేపురికార్డరులో పెట్టాం. సన్నాయి, పిల్లల ఏడుపు, ఎవరో కాఫీ అందలేదని కేకలు. వాటి వెనకాల ఒక పద్యం, అదీ సగం. నాన్నగారి గొంతు.

మావాడు తాతయ్యని ఎరగడు. చెవి దగ్గరగా పెట్టి, “నువ్వు పాఠం చెబుతున్నట్టే వుంది నాన్నా” అన్నాడు.

నాకు మాట పెగల్లేదు. లేచి, క్యాసెట్టు రెక్క విరిచాను. తరవాత ఇంట్లో వున్న ప్లాస్టరు చుట్ట తీసి అవతల పారేశాను.