నిండుకుండ, ఖాళీ కుండ

నడక నేర్చుకోవడం చిన్నప్పుడే అయిపోతుందనుకుంటాం. మా నాన్న 72వ ఏట మళ్ళీ మొదలుపెట్టాడు, అదీ చైనా పద్ధతిలో.

ఆయన తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఎన్ని కరెంటు స్తంభాలెక్కాడో లెక్కలేదు. అలాంటి మనిషికి పార్కిన్సన్స్ వచ్చింది. మనవాళ్ళు కంపవాతం అంటారు గానీ నాన్నకు వణుకు తక్కువే. బాధంతా కాళ్ళతోనే. అడుగు చిన్నదైపోతుంది. పక్కకు తిరగబోతే తూలుతాడు. వంటింటి ద్వారం దగ్గరకొచ్చేసరికి పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి. హిల్స్‌బరోలో మా దగ్గరికి వచ్చాక ఒకసారి అలాగే పడ్డాడు. ఎముక విరగలేదు కానీ, బయటికి వెళ్ళడం మానేశాడు. పడటం కన్నా ఆ మానెయ్యడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మనం ఆలోచించి నడవం. మెదడు లోతుల్లో ఉన్న ఒక భాగం, డోపమిన్ సాయంతో, ఆ పని మనకు తెలియకుండానే చేసిపెడుతుంది. పార్కిన్సన్స్‌లో డోపమిన్ తయారుచేసే కణాలు నశిస్తాయి. అంటే ముందు పోయేది నడక కాదు, నడక దానంతటది జరిగిపోయే సుఖం. అందుకే ఎదురుగా నేలమీద అడ్డగీత కనిపిస్తే, ఆగిన కాలు చాలాసార్లు లేస్తుంది. వంటింటి ద్వారానికి అడ్డంగా పసుపు రంగు టేపు అంటించాను. "గడప పెట్టావే!" అంటూ దాటేశాడు.

తాయ్ చీ కూడా ఈ దారినే పోతుంది. తనంతట తాను జరగని కదలికను మనసుపెట్టి జరిపించడం. ఇక్కడి సీనియర్ సెంటర్లో వారానికి రెండు క్లాసులు. చెప్పే చైనా ఆవిడకు కూడా డెబ్భై దాటాయి. మొదటి నెలంతా దాదాపు ఒకటే పాఠం: ఒక కాలి మీది బరువును మెల్లగా రెండో కాలి మీదికి మార్చడం. బరువున్న కాలు నిండు, లేనిది ఖాళీ అంటుంది ఆవిడ. ఖాళీ అయ్యాకే ఆ కాలు ఎత్తాలి. నాన్న దాన్ని "నిండుకుండ, ఖాళీ కుండ" చేసుకున్నాడు. ఇంటికొచ్చి అమ్మతో అన్నాడు: "స్తంభం మీద మేం చేసిందీ ఇదే. ఒక కాలు ఆనిందని తెలిశాకే రెండోది కదపాలి."

తర్వాత చేతులు కలిశాయి. మబ్బులు కదిలినట్టు చేతులు ఆడిస్తూ పక్కకు జరగడం, గుర్రం జూలు విడదీసినట్టు చేతులు విప్పుతూ ముందుకు అడుగెయ్యడం. ఒంట్లో బాగాలేని రోజున బదువాన్‌జిన్ అనే చీగాంగ్ కదలికల్లో కొన్ని కుర్చీలో కూర్చునే చేస్తాడు. రెండు చేతులతో ఆకాశాన్ని ఎత్తడం, విల్లు లాగడం వంటివి అందులో ఉంటాయి.

వీటితో ఏం ఒరుగుతుందని నేనూ వెతికాను. మా ఓరెగాన్‌లోనే ఫుజోంగ్ లీ బృందం 195 మంది పార్కిన్సన్స్ రోగులతో 24 వారాలు పరిశోధన చేసి, 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించింది. కొందరు తాయ్ చీ, కొందరు బరువులతో వ్యాయామం, కొందరు స్ట్రెచింగ్ చేశారు. ఒంటిని అటూ ఇటూ వంచినా పడిపోకుండా నిలదొక్కుకోవడంలో తాయ్ చీ వాళ్ళే మెరుగు. స్ట్రెచింగ్ చేసినవాళ్ళ కన్నా వీళ్ళు పడటం కూడా తగ్గింది. బరువులు ఎత్తినవాళ్ళతో పోలిస్తే మాత్రం పడటంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి ఇది మంత్రం కాదు. జబ్బును నయం చెయ్యదు, మందుకు బదులూ కాదు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళకు మొదలుపెట్టించాలనుకుంటే ముందు డాక్టరుతో మాట్లాడండి. మందు బాగా పనిచేసే వేళ చూసుకోండి. నాన్నకు అది లెవోడోపా వేసుకున్న గంట తర్వాత. పప్పు, పెరుగు లాంటి మాంసకృత్తులు ఆ మందుకు అడ్డుపడతాయి కాబట్టి ఆయన భోజనానికి అరగంట ముందే మాత్ర వేసుకుంటాడు. పట్టుకోవడానికి గట్టి కుర్చీ, పక్కన ఒక మనిషి ఉండాలి. జారే చాపలూ చెప్పులూ వద్దు.

ఎనిమిది నెలలైంది. ద్వారం దగ్గర ఇప్పటికీ ఆగుతాడు. ఆగినప్పుడు మునుపట్లా కంగారుపడి ముందుకు తోసుకోడు. నిలబడి, బరువు ఒక కాలి మీదికి మార్చి, రెండోది ఎత్తుతాడు. మందు ప్రభావం తగ్గిన పూట అదీ కుదరదు. అప్పుడు చెయ్యి చాస్తాడు, నేను పట్టుకుంటాను.

తెనాలిలో ఆయన పాత ఏఈ గారికీ ఇదే జబ్బు. ఆదివారం పొద్దున్నే ఇద్దరూ వీడియో కాల్‌లో కలుస్తారు. ఒకప్పుడు ఆయన చెబితే నాన్న స్తంభం ఎక్కేవాడు. ఇప్పుడు నాన్న చెబుతాడు: "ముందు కుర్చీ తెచ్చుకోండి సార్. అమ్మగారిని పక్కనే ఉండమనండి. తొందరేం లేదు."