బనియన్ గుడ్డ టోపీ

 నేను 9వ తరగతి చదువుచున్నాను. పోయినసారి గోడపత్రికలో అందరూ సంక్రాంతి సెలవుల గురించి రాశారు. ముగ్గులు, గొబ్బెమ్మలు, అరిసెలు. నేను రాయలేదు. మా ఇంట్లో ఈసారి పండగ చెయ్యలేదు. ఇప్పుడు కుట్టుపని గురించి రాయమని మేడమ్ అడిగారు కాబట్టి రాస్తున్నాను. రెండూ ఒకటే కథ.

మాది సంగం. 2022లో తెరిచిన కొత్త బ్యారేజీ మీద నిలబడి చూస్తే మా యానాదుల కాలనీ కనపడదు, తుమ్మచెట్లు అడ్డం. మా నాయన పెన్నాలో చేపలు పడతాడు. నీళ్ళు తగ్గితే రొయ్యల గుంటల కాడ కాపలాకి పోతాడు. అమ్మ నాట్లకి, కోతలకి కూలికి పోతుంది. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు.

కుట్టు నేర్చుకున్నది మన హాస్టల్లోనే. 8వ తరగతిలో ఉండగా ఆదివారం మధ్యాహ్నం తొక్కుడు మిషన్ దగ్గర వంతులు వేశారు, అందరికీ గుర్తుండే ఉంటుంది. నా మొదటి పని దిండు గలీబు. దిండు దూరలేదు, అంత ఇరుకుగా కుట్టాను. రెండోది పుస్తకాల సంచి, అది ఇప్పటికీ వాడుతున్నాను. మూడోది గొడుగు లంగా. దానికి పేపరు కటింగు చెయ్యాలి. నడుము 24 అంగుళాలు అయితే కాగితం మధ్యలో ఎంత గుండ్రం తియ్యాలి? నేను అందాజుగా తీస్తే పొట్ట మీద నుంచి జారిపోయేంత వచ్చింది. తర్వాత లెక్కల నోటుబుక్కులో చూసుకున్నాను. చుట్టుకొలత అంటే 2 పై ఆర్. 24ని 6.28తో భాగిస్తే 3.8 వస్తుంది. అంటే 4 అంగుళాలకి కొంచెం తక్కువగా దారం పట్టుకుని సున్నా గీస్తే సరిపోయింది. వృత్తం పాఠం నాకు ఆ రోజు అర్థమైంది. పరీక్షలో మాత్రం ఆ లెక్క రాలేదు.

అప్పటిదాకా నేను కుట్టినవన్నీ మామూలు గుడ్డలే. యూనిఫారం ముక్కలు, పాత చీర, పాత లుంగీ. సాగే గుడ్డ ముట్టుకోలేదు.

జనవరి మొదట్లో అమ్మకి కానుపు అయింది. నెలలు నిండకముందే అయింది. ఆడపిల్ల. సెలవులకి నేను ఇంటికి పోయేసరికి అమ్మ, చెల్లి ఆస్పత్రి నుంచి వచ్చేసి ఉన్నారు. చెల్లి ఎంత ఉందంటే నాయన రెండు అరచేతుల్లో సరిపోయింది. అమ్మ చీర మడతలో నుంచి ఆస్పత్రి కార్డు తీసి నా చేతిలో పెట్టింది. "ఏం రాసుందో చూడుమే" అంది. వాళ్ళు కార్డుని అన్ని రోజులూ చదవకుండానే దాచుకున్నారు. "బరువు 1850 గ్రాములు" అని చదివాను. అమ్మ "ఎక్కువా తక్కువా?" అని అడిగింది. పుట్టిన పిల్ల రెండున్నర కిలోలు ఉండాలని, అంతకంటే తగ్గితే బరువు తక్కువ పిల్ల అంటారని నాకు తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. "కొంచెం తక్కువమ్మా" అన్నాను.

నర్సమ్మ రెండు మాటలు గట్టిగా చెప్పిందంట. ఒకటి, పిల్లని బట్టల్లేకుండా తల్లి రొమ్ముకి ఆనించి పెట్టుకోవాల, ఆ వేడే మందు. రెండు, తలకి టోపీ తియ్యకూడదు. చిన్నపిల్లలకి ఒంటితో పోలిస్తే తల పెద్దది, చాలా వేడి అక్కడ నుంచి పోతుంది. (తల్లి రొమ్ము మీద పెట్టుకునే ఆ పద్ధతి 1978లో కొలంబియా దేశంలో బొగోటా అనే ఊర్లో మొదలైందని మా సైన్సు మేడమ్ తర్వాత చెప్పారు. మా అవ్వకి చెప్తే, "మేం మా పిల్లల్ని ఇంకెక్కడ పెట్టుకున్నాం?" అంది.)

నాయన సంగం బజారులో ఉన్ని టోపీ కొనుక్కొచ్చాడు. అది పెడితే కళ్ళు దాటి ముక్కు మీదకి వచ్చింది. అమ్మ భయపడి తీసేసింది. బజారులో టోపీలన్నీ మూడు కిలోల పిల్లలకే చేస్తారు. 1850 గ్రాముల పిల్లకి ఎవరు చేస్తారు? పెన్నా గాలి ఆ నెలలో ఎట్లా ఉంటుందో మా పక్క వాళ్ళకి తెలుసు. తడిక సందుల్లో నుంచి రాత్రంతా వస్తుంది.

నేను కుడతానన్నాను. మా ఇంట్లో టేపు లేదు. అవ్వ వల దారం తీసుకుని చెల్లి తల చుట్టూ పెట్టి ముడి వేసింది. స్కేలు మీద పెట్టి చూస్తే 12 అంగుళాలు.

కాలనీ పక్కన పొదుపు సంఘం అక్కకి మిషన్ ఉంది. పగలు ఆమె జాకెట్లు కుట్టుకుంటుంది. సాయంత్రం నన్ను కూర్చోనిచ్చింది. బదులుగా నేను ఆమెకి చీరలకి ఫాల్ కుట్టిపెట్టాలి, అది మా ఒప్పందం. మొదట మెత్తటి పాత చీర గుడ్డతో టోపీ కుట్టాను. వదులుగా కుడితే ఊడిపోతా ఉంది. బిగువుగా కుడితే ఎక్కడం లేదు, ఎక్కినా ఎర్రగా గీత పడుతుంది. చెల్లి తల అటూ ఇటూ తిప్పితే రెండు నిమిషాల్లో టోపీ పక్కన పడుతుంది. అక్క చూసి, "దానికి బనియన్ గుడ్డ కావాల, సాగే గుడ్డ. నేను అది కుట్టను మే, మిషన్ మీద మాట వినదు" అంది.

నాయనకి రెండు బనియన్లు ఉన్నాయి. మంచిది అడిగాను. ఇచ్చాడు. దాని మెడ దగ్గర చీటీ మీద తిరుప్పూర్ అని ఉంది. తమిళనాడులో ఆ ఊరంతా బనియన్ల పనే.

మొదటి ముక్క పాడు చేశాను. బనియన్ గుడ్డ పక్కలకి ఎక్కువ సాగుతుంది, నిలువుగా తక్కువ సాగుతుంది. నేను చూసుకోకుండా అడ్డంగా తిప్పి కోశాను. టోపీ పైకి సాగుతుంది గానీ తల చుట్టూ సాగదు. రెండో ముక్క సరిగ్గా కోశాను. కుడుతుంటే మిషన్ మూడు కుట్లు వేసి రెండు వదిలేస్తా ఉంది. గుడ్డ పళ్ళ సందులోకి పోయి ఇరుక్కుంది. ఎట్లో కుట్టి, చెల్లి తలకి పెడదామని చేతులతో సాగదీశాను. పుటుక్కుమని దారం తెగింది. ఒకచోట తెగితే కుట్టు మొత్తం విడిపోయింది. గుడ్డకి ఏమీ కాలేదు. నాకు ఏడుపు వచ్చింది. నాయన రెండో బనియన్ ఇస్తానన్నాడు. అది కూడా పోతే ఆయన చలికి ఏం తొడుక్కుంటాడు?

ఆ రాత్రి అవ్వ విసురు వల బాగు చేస్తా ఉంది. వెదురు బద్దకి దారం చుట్టుకుని కన్ను తర్వాత కన్ను. నా టోపీ తీసుకుని దీపం దగ్గర పెట్టి లాగి చూసింది. "ఈ గుడ్డ వల మాదిరి ఉంది. ఎటు లాగితే అటు కదలతాది. నీ కుట్టేమో కర్ర మాదిరి నిలబడుకోనుంది. గుడ్డ పోతా ఉంటే అది రానంటే తెగదా?" అంది. మా అవ్వ ఎప్పుడూ మిషన్ తొక్కలేదు. సూదిలో దారం కూడా నన్నే ఎక్కించమంటుంది.

నేను పాడైపోయిన ముక్క అంచు విప్పి చూశాను. యూనిఫారం గుడ్డలో పడుగు, పేక రెండు దారాలు అడ్డం నిలువు పోతాయి, అందుకే సాగదు. బనియన్ గుడ్డలో దారం ఉచ్చులు ఉచ్చులుగా ఉంది. ఒక ఉచ్చులో నుంచి ఇంకో ఉచ్చు. పిట్టలకి వేసే ఉచ్చు లాంటిదే, చిన్నది. వలకి ముడి ఉంటుంది, దీనికి ముడి కూడా లేదు. లాగినప్పుడు ఉచ్చు వెడల్పు అవుతుంది, వదిలితే మళ్ళీ దగ్గరికి వస్తుంది. దారం సాగడం లేదు, ఉచ్చు ఆకారం మారుతుంది, అంతే. ఈ అల్లిక చాలా పాతది. మేజోళ్ళు అల్లే యంత్రాన్ని ఇంగ్లండులో విలియం లీ అనే ఆయన 1589లోనే చేశాడు. మనం కబడ్డీకి తొడుక్కునే జెర్సీ మాట కూడా ఒక దీవి పేరంట. ఇంగ్లండుకి, ఫ్రాన్సుకి మధ్య సముద్రంలో ఉంది. అక్కడ అల్లిన ఉన్ని బట్టలు చేపలు పట్టేవాళ్ళు తొడుక్కునేవాళ్ళు. ఇది ఇంగ్లీషు సార్ చెప్పారు. చేపల వాళ్ళ బట్ట అని వింటే నాకు సంతోషం వేసింది.

తెల్లారి అక్క దగ్గరకి పోయి అవ్వ మాట చెప్పాను. అక్క ఆలోచించి పై దారం బిగువు తగ్గించింది. కుట్టు చిన్నది పెట్టింది. గుడ్డని కొంచెమే, చాలా కొంచెం లాగి పట్టుకుని కుట్టమంది. ఎక్కువ లాగితే అంచు అలలు అలలుగా వస్తుంది, అది కూడా చేసి చూశాను. కింద న్యూస్ పేపరు ముక్క పెట్టి కుడితే గుడ్డ లోపలికి పోలేదు, తర్వాత కాగితం చించేశాను. ఒక వరస పక్కన ఇంకో వరస కుట్టాను. నూలు దారం తీసేసి పాలిస్టర్ దారం వేశాను. సాగదీస్తే తెగలేదు! కానీ కుట్లు వదిలెయ్యడం మాత్రం మానలేదు.

అది సూది తప్పు. మామూలు సూది మొన పదును, ఉచ్చు దారాన్నే పొడుస్తుంది, అక్కడ చిల్లు పడుతుంది. సాగే గుడ్డకి మొన గుండ్రంగా ఉండే సూది ఉంటుంది, బాల్ పాయింట్ సూది అంటారు. అది దారాన్ని పక్కకి నెట్టి సందులో నుంచి దిగుతుంది. చెల్లిని చూపించడానికి నెల్లూరు పోయినప్పుడు నాయన తెస్తానన్నాడు. పేరు దారి పొడుగునా అనుకుంటా పోయాడంట. మిషన్ సామాన్ల కొట్లో మాత్రం "బాల్ పెన్ను సూది" అని అడిగాడు. కొట్టాయన నవ్వి, సరైనదే ఇచ్చాడు.

చెల్లి తల 12 అంగుళాలు. మామూలు గుడ్డ అయితే 13 తియ్యాలి. బనియన్ గుడ్డకి 11 తీసి, కుట్టుకి అర అంగుళం విడిచిపెట్టాను. ఒంటి కంటే చిన్నగా కొయ్యడం నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు, భయం వేసింది. అంచు మడిచి కుట్టలేదు. బనియన్ గుడ్డ కోసిన అంచు పీచులు రాదు, దానంతట అదే చుట్టుకుంటుంది. టోపీ పెట్టాను. నుదుటి మీద ఆగింది. చెల్లి తల తిప్పింది. టోపీ కూడా తిరిగింది. అమ్మ ఏమీ అనలేదు, చెల్లిని రొమ్ముకి ఆనించుకుని పైన చీర కప్పుకుంది.

సెలవులు అయ్యేలోపల మూడు టోపీలు కుట్టాను, తడిస్తే మార్చడానికి. ఒక జుబ్బా కూడా కుట్టాను, భుజాల దగ్గర ముందు ముక్క మీద వెనక ముక్క పడేటట్టు. అట్లా అయితే గుండీలు లేకుండా తల దూరుతుంది. దాని చేతులు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. నాయన రెండో బనియన్ నేను ముట్టుకోలేదు. జుబ్బాకి నా పాత టీషర్టు కోశాను.

పోయిన ఆదివారం నాయన చూడడానికి వచ్చాడు. ఆశా అక్క తూకం వేసిందంట, 2 కిలోల 700. కాగితం మీద రాయించుకుని తెచ్చాడు, నేనే చదివాను. తర్వాత జేబులో నుంచి వల దారం తీసి ఇచ్చాడు. మధ్యలో అమ్మ వేసిన ముడి ఉంది. టోపీలు పట్టడం లేదని చెప్పడానికి అమ్మ పంపించింది.

స్కేలు మీద పెట్టి చూశాను. పదమూడున్నర అంగుళాలు. అంటే పన్నెండున్నర తీస్తే చాలు, కుట్టుకి అర అంగుళం. ఈ ఆదివారం మిషన్ వంతు నాది. ఎవరి దగ్గరైనా చిరిగిపోయిన టీషర్టు ఉంటే ఇవ్వండి, రంగు ఏదైనా పర్వాలేదు.

— 9వ తరగతి, గోడపత్రిక బోర్డు ఎదురుగా ఉన్న గది