మా యింటి వాకిలి

మా యింటి ముందర 30 అడుగుల పొడవును 20 అడుగుల వెడల్పును గల మట్టివాకిలి యొకటి యుండెను. మాది పల్నాటి సీమలోని చిన్న యూరు, నేల నల్లరేగడి. వానకాలమున నావాకిట నడుగు పెట్టినవాని చెప్పు తిరిగి పైకి వచ్చుట వాని పూర్వపుణ్యముపై నాధారపడి యుండెడిది. వేసవిలో నదే నేల నెర్రెలు విచ్చి మా పిల్లవాని గోలీలను మ్రింగుచుండెను. దానిపై నేదైనను పరపింపవలెనని సంక్రాంతినాడు నిశ్చయించితిమి. ఏమి పరపింపవలెనన్నది మాత్రము ఉగాది దాటినను తేలలేదు.

ఈ యాలస్యమునకు కారణము మేమే. చదువుకొన్నవానికి చిన్నపని యెదురైనను ముందుగా పుస్తకము తీయుట యలవాటు. వరాహమిహిరుని బృహత్సంహితలో వజ్రలేపమను ప్రకరణ మున్నది. పచ్చి వెలగకాయలు మొదలైనవానిని నీట వేసి, యెనిమిదవపాలు మిగులువరకు కాచి, గుగ్గులు మున్నగు బంకలను చేర్చి, దేవాలయములకును గోడలకును బావులకును పూయుమని యందు చెప్పబడినది. దీనిని మేము తాపీమేస్త్రికి శ్రద్ధతో వివరించితిమి. అతడు తుదివరకు వినయముగా విని, “పంతులుగారూ, ఇది ఏ కొట్లో దొరుకుతుందండీ?” అని యడిగెను.

అతని కోరిక సిమెంటు. మా వీథిలో నందరి కోరికయు నదియే. 1824లో ఇంగ్లండున జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను తాపీపనివాడు పోర్ట్‌లాండు సిమెంటునకు పేటెంటు పొందెను. నేడు సిమెంటు లేని వాకిలి దారిద్ర్యమునకు గుర్తుగా నెంచబడుచున్నది. మా పొరుగువారు రేగడిపైననే కంకర పలుచగా పరచి సిమెంటు పోయించిరి. రెండు వానకాలములు గడచునప్పటికి అది యప్పడమువలె విరిగినది. రేగడి తడిసిన నుబ్బును, ఎండిన ముడుచుకొనును. పైనున్న సిమెంటు పలకకు వంగుట తెలియదు. విరుగక యేమి చేయును? మేస్త్రిని నిందించుట తగదు. రేగడి తీసివేయించి గ్రావెలు నింపించుటకు వారు డబ్బు పెట్టలేదు.

సిమెంటుతో మఱియొక చిక్కు కలదు. మా వాకిలి వైశాల్యము 600 చదరపుటడుగులు. ఒక సెంటిమీటరు వాన కురిసిన దానిపై సుమారు 550 లీటర్ల నీరు పడును. పలక పరచితిమా, ఆ నీరంతయు వీథిలోనికి పోవలసినదే. ఇంకుడుగుంతలను గూర్చి ప్రభుత్వమువారు 2002లో నీరు, భూమి, చెట్ల చట్టముననే చెప్పియున్నారు. మేమును బడిలో నేటేట పిల్లలచేత దానిపై వ్యాసములు వ్రాయించుచున్నాము. వ్యాసములు దిద్దిన చేతితోనే నీటిని వీథికి తఱుముటకు మనసొప్పలేదు.

నిగనిగలాడు పలకలమాట యింట నెవరు నెత్తరు. మూడేండ్లక్రిందట స్నానాలగది ముందర మా ముచ్చటకొలది అట్టివి వేయింపగా, మా తల్లి వానిపై జారిపడి మణికట్టు విరుగగొట్టుకొనినది. సిమెంటు పేవరు బిల్లలు మంచివే. గట్టిగా దిమ్మిస వేసిన గ్రావెలుపై ఇసుక పరచి పేర్చినచో అవసరమైనపుడు తీసి మరల పేర్చుకొనవచ్చును. బరువు బండ్లు తిరుగుచోట వానిని మించినవి తక్కువ. మాకున్నది స్కూటరొకటే.

నిజము చెప్పవలెనన్న, మా మనస్సులోని పక్షము వేఱు. మట్టివాకిలిని మట్టివాకిలిగానే యుంచవలెనని మాకు లోలోపల నుండెను. పేడనీళ్ల కళ్లాపి, దానిపై తెల్లని ముగ్గు, తడిమట్టి వాసన, వీనినిగూర్చి మేము సభలలో మాటలాడియున్నాము, చప్పట్లును పొందియున్నాము. మా తల్లియు మా పక్షమే. ఇట్లుండగా ఉగాది వెళ్లిన వారమునకు మా యింటి యామెకు జ్వరము తగిలినది. మా తల్లి వంగలేదు. పిల్లవానికి పరీక్షలు. వాకిలి మా చేతికి వచ్చెను.

మొదటినాడు ఉత్సాహముగానే యూడ్చితిమి. పొట్టి చీపురుతో 600 చదరపుటడుగులు వంగి యూడ్చుట, పేడ కలుపుట, బకెట్లకొలది నీరు మోసి చల్లుట, వేపాకులు రాలగా సాయంకాలము మరల నూడ్చుట. రెండవనాడు నడుము పట్టినది. మూడవనాడు గోడ నానుకొని నిలువబడి, ఇరువదిరెండేండ్లుగా ప్రతి యుదయమును నీపని యెవరు చేసిరని లెక్కించితిమి. ఆమె మంచముపైనుండి చూచి, “మీ ఉపన్యాసంలో నడుము సంగతి లేదండీ” అనెను. మాకు జవాబు తోచలేదు.

ఆ సాయంకాలము, మూడు నెలల చర్చలో మొదటిసారిగా, నీకేది కావలెనని యామె నడిగితిమి. జవాబు ముందే సిద్ధముగా నుండెను. “గరుకు నాపరాళ్లు వేయించండి. సందుల్లో సిమెంటు వద్దు, ఇసుక చాలు. తులసికోట చుట్టూ నాలుగడుగుల నేల వదలండి, అత్తయ్యగారి కళ్లాపికి అది సరిపోతుంది. వేపచెట్టు మొదలు కప్పించకండి.” ముగ్గుమాట యేమని మేమంటిమి. “ముగ్గు రాతిమీద పడదా?” అని నవ్వెను.

బేతంచెర్ల నాపరాళ్లు తెప్పించితిమి. తాండూరువియు దొరకును, ఇవి సున్నపురాయి జాతివి. పొరలుపొరలుగా చీలును గనుక బండలుగా తీయుట సులభము. మెరుగు పెట్టనివి కాలికి పట్టునిచ్చును. వీనికి పులుపు పడదు. చింతపండు రసమో నిమ్మరసమో ఒలికిన మచ్చ పడును, కడుగుటకు యాసిడు వాడిన రాతి ముఖమే పోవును. రేగడిని అడుగున్నర లోతు తీయించి, గ్రావెలు రెండు పొరలుగా పోయించి, తడిపి దిమ్మిస వేయించి, రెండంగుళముల ఇసుకపై రాళ్లు పరపించితిమి. ప్రతి యయిదడుగులకు ఒక యంగుళము చొప్పున ఇంటినుండి బయటివైపునకు వాటము పెట్టించితిమి. అంచున నొక యింకుడుగుంత. రేగడిలో నీరు మెల్లగా నింకును గాన ఆ పొర దాటువరకు త్రవ్వింపవలసివచ్చినది. త్రవ్వకపు కూలి మేమనుకొన్నదానికంటె నెక్కువైనది. పేరుస్తున్నంతసేపు మేస్త్రి సందులలో సిమెంటు కూరవలెనని గొణుగుచునే యుండెను.

మొదటి పెద్దవానకు వేపచెట్టు ప్రక్కనున్న రాయి యొకటి యూగినది. అచ్చట దిమ్మిస సరిగా పడలేదు. గడ్డపారతో లేపి, ఇసుక వేసి, పావుగంటలో మేమే సరిచేసితిమి. గుంతలోని నీరు మఱునాటి మధ్యాహ్నమునకు గాని యింకలేదు. ఎండ ముదిరినపుడు రాయి కాలును. మధ్యాహ్నము చెప్పులు లేక నడువరాదు. మా తల్లి తన నాలుగడుగుల నేలపై నేటికిని కళ్లాపి చల్లించుకొనుచున్నది. అది చల్లుట పిల్లవాని వంతు. ఆదివారములందు వాకిలి యూడ్చుట మా వంతు. పొడుగుకఱ్ఱ చీపురు కొన్నాము. రాళ్ల సందులలో వేపాకులు వదలిపెట్టుచున్నామని మా యింటి యామె యనును, అది నిజమే.