మింగుడుపడని ముద్ద

ముద్దను నోట నుంచుకొని మ్రింగుటవరకే మన యధికారము. గొంతు దాటిన పిదప అన్నవాహిక దానిని క్రిందికి నెట్టును. దిగువనున్న కండరవలయము సడలి త్రోవ యొసగును. ఆ సడలింపు లేకపోవుటయే అకలేషియా యను వ్యాధి. ఏటేట లక్షమందిలో ఒకరికో యిద్దరికో వచ్చును.

మా బంధువర్గమున నొక కోడలికి ఇది వచ్చినది. అత్తవారింటి కూడు గొంతు దిగుటలేదు కాబోలునని యొకరు, గాలి సోకినదని యొకరు. తాయెత్తులు కట్టిరి, దిగదుడిచిరి. ఆమె త్రాగిన నీరు సైతము తిరిగివచ్చెడిది. రాత్రులు కూర్చుండియే నిద్రించెడిది. రెండేండ్లకు బేరియము త్రాగించి తీసిన ఎక్సురేలో అన్నవాహిక కొన పక్షిముక్కువలె సన్నగిలి కనబడెను. నిందలు పోయినవా? లేదు, పేరు మార్చుకొన్నవి. వంశరోగమట యను మాట బయలుదేరినది. ఆమె చెల్లెలికి కుదిరిన సంబంధము దానితో తప్పిపోయినది.

ఆ మాటలో సత్యమెంత? వలయమును సడలించునవి నైట్రిక్ ఆక్సైడును వెలువరించు నాడీకణములు. ఈ వ్యాధిలో నశించునవి ఇవియే. ఏదో వైరస్సు సోకిన పిమ్మట, దేహమును కాపాడవలసిన రక్షకకణములే, ఇంటివారిని దొంగలనుకొను కావలివానివలె, వీనిపై బడునని పెక్కుమంది శాస్త్రజ్ఞుల యూహ. అది యింకను సిద్ధాంతము కాలేదు. 2014లో ఐరోపా పరిశోధకులు 1,068 మంది రోగులను, 4,242 మంది ఇతరులను పోల్చిచూచి, హెచ్.ఎల్.ఏ.-డి.క్యూ. యను రోగనిరోధక జన్యుప్రాంతమున ఎనిమిది అమైనో ఆమ్లముల చేర్పొకటి రోగులలో హెచ్చుగా నున్నదని కనుగొనిరి. హెచ్చుగా ననిరి గాని అందరిలో ననలేదు. ఆ చేర్పు గలిగియు సుఖముగా భుజించువారే యెక్కువ. ఈ వ్యాధి ఒక యింట ఇద్దరికి వచ్చుట మిక్కిలి యరుదు.

తల్లిదండ్రులిద్దరినుండియు చెడిన జన్యువు సంక్రమించుటవలన కలుగు అకలేషియా వేరొకటి కలదు. ఆల్‌గ్రోవ్ మున్నగువారు 1978లో దానిని వర్ణించిరి. మేనరికములకు జంకని మన పెద్దలు దానికి వెరచిన నర్థముండెడిది. కాని యది సామాన్యముగ బాల్యముననే కానవచ్చును. అడ్రినల్ గ్రంథులు చెడును, ఏడ్చినను కన్నీరు రాదు. మా కోడలికి కన్నీటికి కొదువ యేనాడును లేదు.

నశించిన నాడులు మరల మొలవవు గాన వలయమును వదులు చేయవలసినదే; కోయుట అందొక మార్గము. 1913లో హెల్లర్ పొట్ట తెరచి కోసెను. 2008లో జపానున ఇనోయె నోటిద్వారా గొట్టము పంపి కోసెను. ఈ రెండవ విధముననే ఆమెకు చేసిరి. ఇప్పుడు అన్నము దిగుచున్నది. చెల్లెలికి సంబంధములు చూచుచున్నారు. అక్కగారి వ్యాధి మాట దాచుదమా యని ఇంట వాదము జరుగుచున్నది.