గాజు గొట్టం వైపు చూస్తూ

వానలు పడి నాట్లు మొదలైతే మా క్యాజువాలిటీకి పాముకాట్లు మొదలవుతాయి. రక్తపింజరి అనిపిస్తే, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 2 మి.లీ. రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతాం. తర్వాత వంచి చూస్తాం. గడ్డకట్టలేదంటే విషం పనిచేస్తున్నట్టే. వెంటనే విరుగుడు మందు సెలైన్‌లో కలిపి ఎక్కిస్తాం. ఆ మందూ కొందరికి పడదు. అందుకే అడ్రినలిన్ సిరంజిలోకి తీసి చేతికి అందేలా పెట్టుకుంటాను.

"సిస్టరమ్మా, మా ఆయన బతుకుతాడా?" ఆ 20 నిమిషాలూ ఇదే ప్రశ్న. ఒట్టి ధైర్యం చెప్పలేను. "మందుంది, డాక్టరుగారున్నారు, నేనూ ఇక్కడే ఉంటానమ్మా" అంటాను.

కట్లపాము వేరు. నేలమీద పడుకున్నవాళ్లను రాత్రిపూట కరుస్తుంది, గాటు కూడా సరిగా కనపడదు. రెప్పలు వాలుతుంటే ఇంటివాళ్లు నిద్రమత్తనుకుంటారు. నాకు దీనితోనే ఎక్కువ భయం.

గుండె రాయి చేసుకోవాలని సీనియర్లు చెప్పేవారు. నేనొప్పుకోను. మనసు మొద్దుబారితే ఆ వాలే రెప్పను ఎవరు పట్టుకుంటారు? ఎవరైనా పోయిన రోజు డ్యూటీ మారేముందు, తోటి సిస్టరూ నేనూ కూర్చుని వాళ్ల గురించి మాట్లాడుకుంటాం. ఏడుపొస్తే ఏడుస్తాం. అలాగే ఇన్నేళ్లు నిలబడ్డాను.

కోపం మాత్రం ఒకదానిమీద పోదు: మంత్రగాడి గుమ్మంలో పోయిన గంటలమీద. తాడు బిగించకండి, గాటు కోయకండి. కాలు కదపనివ్వకుండా 108కి ఫోన్ చేయండి.